కృష్ణా నీళ్లు, కట్టకు అవతలి అక్కచెల్లెళ్లు

(చౌటుప్పల్ మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఇదే వేదిక మీద పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని చదువుతాం. ఆ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. మాకు ఇచ్చిన టైములో మేము ఇంకో లెక్క చెప్పాలనుకున్నాం. మాలో ఎక్కువ చదివినోళ్లంటే పదో తరగతే. ఇంజనీర్లం కాదు, ఆఫీసర్లం కాదు. కానీ జమ, ఖర్చు రెండు వైపులా రాయాలని ఇరవై ఏళ్లుగా నేర్చుకున్నోళ్లం. అందుకే ఈ సంగతి మాకు పట్టింది.

ముందు మన జమ చెప్పుకుందాం. మన చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి పళ్లు పచ్చబడ్డవి. మర్రిగూడ, నాంపల్లి వైపు పోతే కాళ్లు వంకరపోయిన పిల్లలు, నలభై ఏళ్లకే నడుం వంగిన ఆడోళ్లు ఇంటికొకరు కనిపించేది. ఫ్లోరైడ్ అనే మాట మనకు బడిలో కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. 2015 జూన్ 8న వాటర్‌గ్రిడ్ పైలాన్‌ను మన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తర్వాత దానికే మిషన్ భగీరథ అని పేరు పెట్టారు. ఇప్పుడు నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తున్నాయి. రాని రోజు ఏం తిట్లు తిడతామో మనకే తెలుసు. ఈ నీళ్లు వద్దని చెప్పటానికి మేము ఈడ నిలబడలేదు. ఇది ముందే చెబుతున్నాం. ఎందుకంటే, మా సంఘంలో ఈ సంగతి మొదటిసారి మాట్లాడినప్పుడు "మీరు నీళ్లకు అడ్డం మాట్లాడుతున్నరు" అని ఒక అక్క లేచి వెళ్లిపోయింది.

అసలు మేము పోయింది చేపల కోసం. మా సంఘంలో నాలుగు గ్రూపులు కలిసి చేపల పచ్చడి పెట్టి హైవే మీద అమ్ముదామని అనుకున్నాయి. విజయవాడ రోడ్డు మీద పొద్దస్తమానం బండ్లు ఆగుతనే ఉంటాయి, బేరం పోదు. చేప తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, సాగర్ బ్యాక్‌వాటర్‌లో అన్నారు. ఒక ఆదివారం జీపు మాట్లాడుకొని పదకొండు మందిమి నారాయణపూర్, మర్రిగూడ, మల్లేపల్లి, దేవరకొండ మీదుగా నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీకి పోయినం. ఇది వరకు ఆ జాగ చందంపేట మండలంలో ఉండేది. నల్లగొండ జిల్లాలో వైజాగ్ ఏందని మేమూ నవ్వుకున్నాం. సాగర్ కట్టిన తర్వాత చేపల వేటకు విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు అక్కడే గుడిసెలు వేసుకొని ఉండిపోయారు. అందుకే ఆ పేరు. ఇప్పుడు హైదరాబాదు వాళ్లు సెలవు రోజుల్లో కార్లేసుకొని పోయి ఒడ్డున కూచొని వేయించిన చేపలు తిని వస్తున్నారు.

మేము ధర అడిగినం. వలలు ఆరబెడుతున్న ఒక అక్క నవ్వి, "ధర మా చేతిలో లేదమ్మా" అన్నది. వల కొనటానికి, పుట్టి కొనటానికి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. తీసుకున్నాక చేప అతనికే పోయాలి, అతను చెప్పిన ధరకే. తూకం అతనిదే, కాటా అతనిదే. అప్పు తీరదు, చేప ఆగదు. మన గ్రూపులు రాకముందు ఆసాముల దగ్గర మనం ఎట్లున్నమో, వాళ్లు ఇప్పుడు అట్లున్నారు. మాలో ఒకామె అక్కడికక్కడే "మీకు సంఘం లేదా?" అని అడిగింది. "ఉంది, లేనట్టే ఉంది" అన్నది ఆమె.

చేప తగ్గిందని కూడా చెప్పారు. ఎందుకు తగ్గింది అని కూచోబెట్టి అడిగితే, మాకు తెలియని సంగతులు చాలా తెలిసినవి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం "డ్యాం కట్టినంక నీళ్లు నిండుగ ఉన్నయ్, చేపలకేం కొదువ" అనుకుంటాం.

పారే నది వేరు, నిలిచిన నీళ్లు వేరు. నదిలో పుట్టిన చాలా రకాల చేపలు కొత్త నీళ్లు వచ్చినప్పుడు ఎదురెక్కి పోయి గుడ్లు పెడతాయి. పులస సంగతి మనకు తెలుసు. సముద్రం నుంచి గోదావరిలో ఎదురెక్కి వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. అది మొదట 1852లో పూర్తయిన పొట్టి ఆనకట్ట, కరెంటు కోసం కట్టింది కూడా కాదు. దానికే చేప ఆగిపోతే, 124 మీటర్ల ఎత్తున్న సాగర్ కట్ట ఎక్కి ఏ చేప దాటుతుంది? పైన శ్రీశైలం, కింద సాగర్, నడుమ చిక్కుకున్న నీళ్లు. అందుకే ఇప్పుడు వలలో పడేది ఎక్కువగా మనం తెచ్చి వదిలిన రకాలే, రవ్వ, బొచ్చె. ఎవరూ పిలవకుండా వచ్చి నిండిన జిలేబీ ఇంకొకటి. సర్కారు చేపపిల్లలు వదులుతున్నది, అది మంచిదే. అయితే వదిలితేనే ఉండే చేప వేరు, దానంతటది పుట్టి పెరిగే చేప వేరు. కోడిపిల్లల్ని కొని పెంచటానికీ, ఇంట్లో పెట్ట పొదగటానికీ ఎంత తేడానో, అంత తేడా.

రెండో సంగతి కరెంటుది. సాగర్ వెనక నీళ్లు శ్రీశైలం కట్ట మొదలు దాకా నిలుస్తాయి. శ్రీశైలంలో టర్బైన్లు తిరిగితే ఆ నీళ్లు నేరుగా వీళ్ల వలల మీదికే వస్తాయి. కరెంటు పొద్దున, సాయంత్రం ఎక్కువ కావాలి కాబట్టి ఆ టైముకు వదులుతారు, తర్వాత ఆపుతారు. శ్రీశైలం ఎడమ గట్టు కరెంటు హౌసులోనూ, సాగర్ కరెంటు హౌసులోనూ తిరగేసి తిప్పే మిషన్లు కూడా ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింద పడ్డ నీళ్లను అవే మళ్లీ పైకి తోడతాయి. మనకు ఇంట్లో ఫ్యాను ఆగకుండా తిరగాలంటే ఇది కావాలి. నీటి అంచున లోతులేని చోట చేప గుడ్డు పెడుతుంది. నీళ్లు మూడు నాలుగు అడుగులు దిగితే ఆ గుడ్డు బండ మీద ఎండిపోతుంది. ఆ అక్క అన్న మాట అట్లనే చెబుతున్నాం: "సముద్రంలో ఆటుపోటు ఎప్పుడొస్తదో మా తాతకు తెలుసు. ఇక్కడ ఆటుపోటు ఆఫీసుల ఉంటది."

అక్కడి నుంచి దగ్గర్లోనే ఒక లంబాడి తండాకు పోయినం. మాతో వచ్చిన ఒకామె పుట్టిల్లు ఆ వైపే, ఆమె తీసుకపోయింది. అక్కడ ఒక ముసలవ్వ, సాగర్ నిండినప్పుడు పది పన్నెండేళ్ల పిల్లనట. వాళ్ల అయ్య ఏటి దగ్గర నల్లమట్టిలో జొన్న వేసేటోడు. "నీళ్లొచ్చినయ్, పైకి జరిగినం. మల్లొచ్చినయ్, మల్ల జరిగినం. ఇగ జరగనీకె గుట్టనే ఉన్నది" అన్నది. నష్టపరిహారం ఏమిచ్చారు అంటే, పట్టా ఉన్నోళ్లకు ఏదో ఇచ్చారట, వీళ్లది సర్కారు భూమి అన్నారట. చుట్టూ అంత నీళ్లున్నాయి కదా, ఎండకాలం మాత్రం తాగే నీళ్లకు బిందె ఎత్తుకొని బండలు దిగి ఎక్కాల్సిందే అని చెప్పింది. సాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి తీసుకపోయి, అక్కడి నుంచి హైదరాబాదుకు, మన జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లకు పంపుతున్నారని మేము చెబితే, ఆమెకు అది కొత్త సంగతి కాదు. "పైపు మా తండా పక్క నుంచే పోతది" అన్నది. ఇంకేమీ అనలేదు. మేము కూడా ఏమీ అనలేకపోయినం. ఆమె ఇచ్చిన చాయ్ తాగి లేచినం.

వచ్చేటప్పుడు జీపులో ఎవరూ పచ్చడి మాట ఎత్తలేదు.

తర్వాత మూడు నాలుగు మీటింగుల్లో ఇదే మాట్లాడుకున్నాం. తెలిసిన టీచరమ్మను అడిగినం, లైబ్రరీలో పాత పేపర్లు చూసినం. తెలిసింది చెబుతాం.

సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ముంపులో పోయే నాగార్జునకొండ బౌద్ధ కట్టడాలను తవ్వి, రాయికి రాయి లెక్కబెట్టి, నీళ్ల నడుమ గుట్ట మీదికి చేర్చారు. మంచి పని. మేము కూడా లాంచీలో పోయి చూసొచ్చినోళ్లమే. శ్రీశైలంలోనూ అంతే. ముంపులో పోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. రాళ్లకు నంబర్లు వేశారు కానీ, తండా ఆడోళ్లు అడవిలో ఏరుకొచ్చే ఇప్పపువ్వు, బంక, తునికాకు, పశువుల మేత ఎంతో ఎవరైనా రాశారా? అప్పుడు రాయాలనే చట్టమే లేదు. పెద్ద ప్రాజెక్టు కట్టేముందు నీళ్లకు, అడవికి, చేపకు, మనిషికి ఏమైతదో అంచనా వేయాలని మన దేశంలో నోటిఫికేషన్ వచ్చింది 1994లో. సాగర్ నిండి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఇంకో సంగతి, తెలంగాణలో లంబాడీలను ఎస్టీల్లో చేర్చిన చట్టమే 1976లో వచ్చింది. అంటే సాగర్ నిండేనాటికి ఆ అవ్వ వాళ్లు కాగితం మీద గిరిజనులే కారు. గిరిజన భూమి ఎంత మునిగింది అని రికార్డు తీస్తే వాళ్ల చేను అందులో ఎట్ల కనిపిస్తది?

శ్రీశైలం కథ ఇంకా బరువు. 1963లో మొదలుపెట్టారు, 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు. 1986లో ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని జీవో 98 వచ్చింది. అప్పుడు ఉద్యోగం వస్తదని చూసిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు, ఆ జీవో పేరు మీద ఇప్పటికీ ధర్నాలు నడుస్తున్నాయి. నల్లమలలో కృష్ణకు ఇటూ అటూ చెంచుల పెంటలున్నాయి. తేనె, గడ్డలు, బంక, ఏట్లో చేప వాళ్ల బతుకు. వాళ్లకు పట్టా పాసుబుక్కు అనే మాటే లేదు, పరిహారం మాత్రం పట్టాను చూసి ఇచ్చేది. నది నిలిచిపోయి వెడల్పయినంక ఇటు బంధువులకు అటు బంధువులకు నడుమ అంత నీళ్లు.

అదే శ్రీశైలం నీళ్లలో కొల్లాపూర్ దిక్కు, సోమశిల దగ్గర, అలివి వలల గొడవ మీరు పేపర్లో చదివే ఉంటారు. దోమతెర లాంటి సన్న కన్ను వల. పిల్ల చేపను కూడా వదలదు. ఎండబెట్టి మూటలకు మూటలు అమ్ముతారు. బయటి నుంచి వచ్చినోళ్లు ఆ వలలు వేస్తున్నారని ఇక్కడి మత్స్యకారులు కొట్లాడుతున్నారు. మాకు అనిపించింది, వచ్చినోళ్లూ పేదోళ్లే, ఉన్నోళ్లూ పేదోళ్లే, వెనక అడ్వాన్సు ఇచ్చి వల కొనిచ్చినోడు ఒడ్డుకు కూడా రాడు. ఆయన పేరు ఏ గొడవలోనూ రాదు.

కట్ట కట్టినోళ్ల లెక్క ప్రకారం చూసినా నష్టం ఉంది. శ్రీశైలంలో మొదట 308 టీఎంసీలు పడతాయన్నారు, తర్వాత కొలిస్తే దాదాపు 215కు వచ్చింది. సాగర్ 408 నుంచి 312కు. మిగతా జాగంతా ఒండ్రు. మన చెరువు పూడిక తీస్తే ట్రాక్టరు మట్టికి ఎంత పోటీ పడతామో గుర్తుందా? ఆ బలమైన మట్టి అంతా కింది చేన్లకు పోకుండా అక్కడే కూచున్నది.

ఇవన్నీ అయిపోయిన ముచ్చట్లు, ఇప్పుడెందుకు అనొచ్చు. అయిపోలేదు. శ్రీశైలం నీళ్లు మన నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు తేవాలని తవ్వుతున్న ఎస్సెల్బీసీ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికి వచ్చినోళ్లు. ఆ సొరంగం పులుల అడవి కింది నుంచి పోతది, నీళ్లు మాత్రం మనకు. ఇంకా దగ్గర చెప్పాలంటే, మన మునుగోడు నియోజకవర్గంలోనే మర్రిగూడ, నాంపల్లి దిక్కు డిండి ఎత్తిపోతలలో చర్లగూడెం, కిష్టరాయినిపల్లి రిజర్వాయర్లు. అవి కరెంటు కట్టలు కావు, సాగునీటివి. కానీ ముంపు ముంపే. ఆ దిక్కు మనకు ఆడపడుచులు, వియ్యపురాళ్లు ఉన్నారు. పొదుపు చేసుకున్న గ్రూపులు ముంపు ఊళ్లలోనూ ఉన్నాయి. ఊరు నాలుగు దిక్కులైతే గ్రూపు ఏమైతదో, లింకేజీ అప్పు ఎవరు కడతారో ఆలోచించండి. పదిమంది పది ఊళ్లకు పోయినంక వారం వారం మీటింగు ఎక్కడ పెడతారు? ఇది ఏ పరిహారం కాగితంలోనూ ఉండదు.

ఇప్పుడు చట్టాలు ఉన్నాయి. ఇది మనవాళ్లకు తెలియాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అంచనా రిపోర్టు రాయాలి, దాని సారాంశం మన భాషలో ఇవ్వాలి. ఆ కాగితాలు కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో చూసుకోవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. సభలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మాట్లాడింది రాసి చివర్లో చదివి వినిపించాలి. చదవమని అడగండి, అడగకపోతే ఎత్తేస్తారు. తమాషా ఏందంటే ఆ సభకు కోరం లేదు. మన గ్రామ సంఘం మీటింగుకే కోరం కావాలి, ఊరు ముంచే సభకు అక్కర్లేదు.

2013 భూసేకరణ చట్టంలో ఇంకొక మాట ఉన్నది. పట్టా ఉన్నోళ్లే కాదు, అడవి మీద, నీళ్ల మీద బతికేటోళ్లు, చేపలు పట్టేటోళ్లు, పడవ నడిపేటోళ్లు కూడా నష్టపోయిన కుటుంబమే అని రాసి ఉంది. ఆ ఏట్లో చేపల హక్కు ఉన్న ఎస్టీ, ఎస్సీ కుటుంబాలకు కొత్తగా నిండే రిజర్వాయరులో చేపల హక్కు ఇవ్వాలని ఉంది. చదివినప్పుడు మాకు ఆ తండా అవ్వ గుర్తొచ్చింది. యాభై ఏళ్లు ముందు ఈ ముక్క ఉంటే వాళ్ల పిల్లల చేతిలో కనీసం వల ఉండేది. అదే చట్టంలో ఒక కంత కూడా ఉంది. సాగునీటి ప్రాజెక్టుకు పర్యావరణ అంచనా వేస్తే సామాజిక అంచనా వేరే అక్కర్లేదంటారు. అందుకే ఆ ఒక్క అంచనాలోనే మనుషుల సంగతి, ఆడోళ్ల సంగతి పట్టుబట్టి రాయించాలి.

ఏం రాయించాలి? మేము మా తీర్మానం పుస్తకంలో రెండు పేజీలు గీసుకున్నాం. ఒక ఇంటి ఆడమనిషి ఏడాది పొడుగునా ఊరి చెరువు నుంచి, వాగు నుంచి, గుట్ట నుంచి పైసా పెట్టకుండా తెచ్చుకునేవి ఏమిటో నెలల వారీగా రాయటం. కట్టెలు, గడ్డి, చింతచిగురు, సీతాఫలాలు, తుంగ, చెరువు అలుగు పారినప్పుడు పట్టే చిన్న చేపలు. ముందు మా ఊళ్లోనే పన్నెండు ఇళ్లలో రాసి చూసినం. మాకే ఆశ్చర్యమైంది. ఏ నెలా ఖాళీగా లేదు. మగోళ్లను అడిగితే "ఏం లేదు, రెండు కట్టె మోపులు" అన్నారు. రిపోర్టు రాసే ఆఫీసరు కూడా మగోళ్లనే అడిగి పోతాడు. చేపల గురించయితే ఏ నెలలో వచ్చి చూశారని అడగాలి. ఎండకాలం ఏట్లో నీళ్లు లేనప్పుడు వచ్చి "ఇక్కడ చేపలు లేవు" అని రాస్తే ఏం చేస్తాం?

మా సంఘంలో ఒక్క మాట మీద ఇంకా తెగలేదు. లేచి వెళ్లిపోయిన అక్క తర్వాతి మీటింగుకు వచ్చింది. ఆమె మనవడికి కాళ్లు బాగున్నాయి, కొడుక్కి బాగా లేవు. "వాళ్ల భూమి పోయింది నిజమే. నీళ్లు రాకుంటే నా మనవడు ఎట్లుండేటోడు? మీరు చెప్పుండ్రి" అన్నది. జవాబు చెప్పినోళ్లు లేరు. నీళ్లు వద్దని ఎవరూ అనలేదు. ఇచ్చినోళ్లకు ఏమిచ్చినం అన్నదే మా ప్రశ్న. 2000 సంవత్సరంలో డ్యాముల మీద ప్రపంచ కమిషన్ రిపోర్టు ఇచ్చింది. ప్రపంచమంతా కలిపి 4 కోట్ల నుంచి 8 కోట్ల మంది కట్టల వల్ల ఊళ్లు వదిలారట. నడుమ తేడానే 4 కోట్లు! మన గ్రూపులో నాలుగు రూపాయల తేడా వస్తే రాత్రి దాకా కూచొని పట్టుకుంటాం.

ఇగ పచ్చడి సంగతి. యూనిట్ పెట్టాలనే తీర్మానం చేసినం. చేప వైజాగ్ కాలనీ నుంచీ, ఆ పక్క తండాల నుంచీ నేరుగా కొంటాం, వ్యాపారి దగ్గర కాదు. తూకం మా కాటా మీద, వాళ్ల కళ్లముందు. అయితే వాళ్లు వ్యాపారి అడ్వాన్సు తీర్చేదాకా మనకు చేప అమ్మలేరు. ఆ అప్పు తీర్చటానికి వాళ్ల సంఘానికి మన సమాఖ్య నిధి నుంచి చేబదులు ఇవ్వొచ్చా, వేరే మండలం వాళ్లకు ఇవ్వటానికి రూలు ఒప్పుకుంటదా అని ఏపీఎం గారిని అడిగినం. పైన కనుక్కొని చెబుతామన్నారు. ఈ సభలో పాలకవర్గం దాని మీద మాట్లాడాలని కోరుతున్నాం. మర్రిగూడ, నాంపల్లి దిక్కు చుట్టరికం ఉన్నోళ్లు ఈ రోజు భోజనాల తర్వాత మా దగ్గరికి రండి. నెలల వారీ రాసే పేజీ నమూనా జిరాక్స్ తీసి తెచ్చినం, యాభై ఉన్నాయి.